గోదావరి ఉక్కలో ఆయాసం ఉన్నవాళ్లకి ఫ్యానా, కూలరా, ఏసీయా?

ముందే చెప్పేస్తానండి. ఇంట్లో ఉబ్బసం గానీ సీఓపీడీ (ఊపిరితిత్తులు ఏళ్ల తరబడి దెబ్బతినే జబ్బు) గానీ ఉన్న మనిషి ఉంటే మన డెల్టాలో కూలర్ కొనకండి. స్తోమత ఉంటే ఏసీ, లేకపోతే మామూలు ఫ్యానే నయం. ఏప్రిల్ రాగానే అమలాపురం, పాలకొల్లు, భీమవరం షాపుల ముందు కూలర్లు బారులు తీరతాయి, ఏసీ కంటే చాలా చవక కదా అని ఒకటి తెచ్చి పెద్దవాళ్ల మంచం పక్కనే పెట్టేస్తారు. మొదట్లో హాయిగానే ఉంటుంది, తర్వాత రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు మొదలైతే ఎవరికీ కూలర్ మీద అనుమానం రాదు.

కూలర్ చేసేది ఒకటే పని, నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరచడం. గాలి పొడిగా ఉంటేనే ఆ పని బాగా జరుగుతుంది. అనంతపురంలో 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉందనుకోండి, లెక్క ప్రకారం మంచి కూలర్ ఆ గాలిని దాదాపు 26 డిగ్రీల దాకా దించగలదు. అదే రాజోలులో 35 డిగ్రీలు, 70 శాతం తేమ ఉంటే ఎంత ఖరీదైన కూలరైనా 30 కంటే కిందికి దించలేదు. ఇటు సముద్రం, అటు గోదావరి పాయలు, మధ్యలో కాలవలు, వరిచేలు, చేపల చెరువులు ఉన్నచోట గాలిలో అసలే నీళ్లెక్కువ, దానికి మనం ఇంకాస్త కలుపుతున్నాం, అదీ తలుపులు వేసిన గదిలో.

ఉక్కపోసినప్పుడు "గాలిలో ఆక్సిజన్ లేదు" అంటారు చాలామంది. అది నిజం కాదు, 30 డిగ్రీల దగ్గర తేమతో పూర్తిగా నిండిపోయిన గాలిలో కూడా ఆక్సిజన్ 20 శాతం ఉంటుంది, మామూలుగా 21 ఉండేచోట. ఇబ్బంది వేరే దగ్గర ఉంది. వేడిగా, తేమగా ఉన్న గాలి పీలిస్తే ఉబ్బసం ఉన్నవాళ్ల శ్వాసనాళాల్లోని నరాలు రేగి, నాళాలు బిగుసుకుంటాయి. చెమట ఆరదు, ఒంట్లో వేడి దిగదు, ఊపిరి వేగం పెరుగుతుంది, అప్పటికే ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లకి ఆ కాస్త అదనపు శ్రమే ఆయాసమై కూర్చుంటుంది. ఇవన్నీ ఆ పూటకి తెలిసిపోయేవి. నెమ్మదిగా దెబ్బతీసేవి డస్ట్ మైట్స్, అంటే పరుపుల్లో, దిండ్లలో ఉండే కంటికి కనపడని పురుగులు. ఇవి నీళ్లు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుని బతుకుతాయి, అందుకే గదిలో తేమ 50 శాతం లోపు నిలకడగా ఉంటే బతకడం వాటికి కష్టం. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ రోజులు వాటికి పండగే. గోడల మీద బూజు సంగతి ముసురు పట్టిన వారంలో అందరికీ తెలిసిందే, కూలర్‌లో నీళ్లు నాలుగు రోజులు మార్చకుండా ఉంచితే దాని గడ్డిలోంచి అదే ముక్కిన వాసన గదంతా వస్తుంది.

రాజమండ్రి, కొవ్వూరు వైపు రోహిణీ కార్తెలో పడమటి వడగాలి కొట్టే మధ్యాహ్నాలు కొన్ని ఉంటాయి, గాలి నిజంగా పొడిగా ఉంటుంది, అప్పుడు కూలర్ పనిచేస్తుంది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగిందంటే కథ మారిపోతుంది. ఆ కొన్ని పూటల కోసం కొనడం దండగని నా అభిప్రాయం.

ఫ్యాన్ గదిని చల్లబరచదు, కానీ తేమ పెంచదు, చెమట ఆరనిస్తుంది, కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద తిరుగుతుంది. మొహానికి గాలి తగులుతుంటే ఆయాసం కాస్త తగ్గినట్టు ఉంటుంది, సీఓపీడీ వాళ్లకి చిన్న ఫ్యాన్ చేతిలో పట్టుకోమని డాక్టర్లు చెప్పేది అందుకే. గాలి 40 దాటితే మాత్రం ఫ్యాన్ వేడిగాలినే ఒంటి మీదికి కొడుతుంది, ఆ పూటలకి తడిగుడ్డతో ఒళ్లు తుడవడం, మంచినీళ్లు ఎక్కువ తాగించడం తప్పదు. రెక్కల మీద దుమ్ము పేరుకోనివ్వకండి, తుడిచేటప్పుడు రోగిని ఆ గదిలో ఉంచకండి.

ఏసీ అసలు గొప్పతనం చల్లదనం కంటే నీళ్లు లాగేయడంలో ఉంది. బయట గొట్టంలోంచి బకెట్‌లోకి కారేదంతా గదిలో గాలిలో ఉన్న నీరే. మన వానాకాలానికి ఏసీలో ఉండే డ్రై మోడ్, అంటే ముఖ్యంగా తేమ లాగడానికే నడిచే పద్ధతి, బంగారం లాంటిది, ఎండ లేకపోయినా ముసురు రోజుల్లో వేసుకోవచ్చు. అయితే 18లో పెట్టి పడుకోబెట్టారంటే చల్లటి పొడిగాలి శ్వాసనాళాల్ని ఎండగట్టి, అది కూడా ఆయాసం తెప్పిస్తుంది, లోపల్నించి ఒక్కసారిగా ఎండలోకి వస్తే మరీను. 26, 27 చాలు, ఫ్యాన్ నెమ్మదిగా తిరగనివ్వండి. ఫిల్టర్ రెండు వారాలకోసారి కడగాలి, లేకపోతే బూజుని మనమే ఊదుతున్నట్టు. అన్నిటికంటే ముఖ్యం, ఏసీ వేసి తలుపులు బిగించిన గదిలో దోమల కాయిల్ వెలిగించకండి. ఒక్క కాయిల్ నుంచి వచ్చే సన్నటి పొగ కణాలు 75 నుంచి 137 సిగరెట్ల పొగకి సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. దోమతెర కట్టండి, మన అమ్మమ్మలు కట్టినట్టే.

ధనుర్మాసంలో లెక్క వేరు. సార్వా కోతలయ్యాక గడ్డి తగలబెట్టిన పొగ, మంచు కలిసి తెల్లవారుజామున నేలని పట్టుకునే ఉంటాయి, అప్పుడు ఇంట్లో ఏ మెషీన్ ఉందన్నది కాదు, ఎండ పొడుచుకొచ్చేదాకా కిటికీలు మూసి ఉంచడం, వాకింగ్ ఎనిమిది తర్వాతకి మార్చడమే పని. భోగి మంట దగ్గరికి ఆయాసం మనిషిని తీసుకెళ్లకండి, ఎంత ముచ్చటపడినా.

ఏది కొన్నా ఇన్‌హేలర్‌కి అది బదులు కాదు. ఉక్క తగ్గి హాయిగా ఉందని రోజూ వాడే మందు ఆపొద్దు. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలం తిరిగినా, ఇన్‌హేలర్ పీల్చినా తగ్గకపోయినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

ఇప్పటికే కూలర్ కొనేసి ఉంటే పారేయక్కర్లేదు. ట్యాంకులో నీళ్లు పోయకుండా, పాత గడ్డి తీసేసి, కిటికీ తెరిచి పెట్టి ఉత్త ఫ్యాన్‌లా వాడుకోండి.