స్వీడన్‌లో చెల్లింపులు: ఏ కార్డు, ఏ బటన్, ఎక్కడ ఇరుక్కుంటారు

స్వీడన్ ఐరోపా సమాఖ్యలోదే కదా అని యూరోలు కొనుక్కుని విమానం ఎక్కేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అక్కడ నడిచేది క్రోనా. క్రోనాలే పట్టుకెళ్లినా నోట్ల రూపంలో ఉంటే చాలాచోట్ల ముట్టుకోరు. తలుపు మీద ‘కాంటాంట్‌ఫ్రీ’ అన్న స్టిక్కరు కనబడితే నగదు తీసుకోమని అర్థం. ముందుగా అలా తెలియజేస్తే కాదనే వీలు దుకాణదారుకు ఉంది. 1661లో యూరప్‌లోనే మొట్టమొదటి బ్యాంకు నోట్లు అచ్చయిన ఊరు స్టాక్‌హోం అని గుర్తొస్తే కాస్త నవ్వొస్తుంది.

అసలు పని ఇంటి దగ్గరే మొదలవుతుంది. మన బ్యాంకులు ఇచ్చే కార్డుల్లో విదేశీ వాడకం మామూలుగా ఆపి ఉంటుంది; 2020లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధన అది. బ్యాంకు యాప్‌లో నాలుగు మీటలు విడివిడిగా ఉంటాయి: దుకాణంలో వాడకం, ఆన్‌లైన్, ఏటీఎం, ట్యాప్ (కార్డును మిషనుకి తాకించి కట్టడం). మొదటిదొక్కటే ఆన్ చేసి బయల్దేరితే మెట్రో గేటు దగ్గర కార్డు పలకదు. క్రెడిట్ కార్డుకి పిన్ పెట్టుకోనివాళ్లు ముందే పెట్టుకోవాలి. 400 క్రోనాలు దాటితే ట్యాప్ చాలదు, పిన్ అడుగుతుంది. అంతకు తక్కువైనా వరసగా కొన్నిసార్లు ట్యాప్ చేశాక భద్రత కోసం అడగవచ్చు. వీసా, మాస్టర్‌కార్డు రెండూ చెల్లుతాయి. రూపే మీద, యూపీఐ మీద ఆశ పెట్టుకోవద్దు. మన సిమ్ తీసేసి అక్కడి సిమ్ వేసుకుంటే ఆన్‌లైన్ రైలు టికెట్‌కి ఓటీపీ రాదు. రెండు సిమ్‌ల ఫోన్ ఉంటే మనదాన్ని అలాగే ఉంచండి.

ఫారెక్స్ కార్డు, అంటే ముందే విదేశీ డబ్బు నింపుకునే కార్డు, తీసుకునేవాళ్లు అందులో క్రోనాలే నింపమని అడగాలి. యూరోలు నింపిన కార్డుతో క్రోనా బిల్లు కడితే మారకం రుసుము మళ్లీ పడుతుంది. మామూలు క్రెడిట్ కార్డు ఖర్చూ తక్కువేం కాదు. క్రోనా తొమ్మిది రూపాయలని లెక్క కోసం అనుకుందాం. వెయ్యి క్రోనాల గదికి 9,000 రూపాయలు. మారకానికి బ్యాంకు వేసే రుసుము (మార్కప్) మూడున్నర శాతం అంటే 315, దాని మీద 18 శాతం జీఎస్టీ 56.70. మొత్తం 9,371.70. దీనికి తోడు దుకాణంలోని కార్డు మిషను ‘రూపాయల్లో కడతారా, క్రోనాల్లోనా’ అని అడుగుతుంది. రూపాయలు నొక్కితే మారకం రేటు ఆ మిషను నడిపేవాళ్లు నిర్ణయిస్తారు, అది దాదాపు ఎప్పుడూ మనకు నష్టమే. ప్రతిసారీ క్రోనాలే నొక్కాలి. బిల్లు కట్టించేవాళ్లు అలవాటుగా వాళ్లే నొక్కేస్తుంటారు, తెర మీద కన్నేసి ఉంచండి.

హోటల్లో తినేటప్పుడు ఇంకో ఉచ్చు ఉంది. మిషను కొన్నిచోట్ల ముందు ‘బెలొప్’ అని, అంటే మొత్తం ఎంతో కొట్టమని అడుగుతుంది. టిప్పు కలిపి కొట్టే చోటన్నమాట. అక్కడి మాటలో టిప్పు ‘ద్రిక్స్’. పిన్ అడుగుతోందనుకుని నాలుగంకెలు కొట్టి పచ్చ బటన్ నొక్కేస్తే, 285 క్రోనాల భోజనానికి 4,721 క్రోనాల బిల్లు తయారవుతుంది. తెర మీద ‘కొద్’ లేదా ‘పిన్’ అని చూశాకే పిన్ కొట్టాలి. టిప్పు ఇవ్వకపోతే తప్పు పట్టరు. బిల్లు ఎంతో అంతే కొట్టి ఓకే అనండి. ‘మెద్యేస్ ఎయ్’ అని వస్తే కార్డును తిరస్కరించిందని. అదే కార్డు మళ్లీ మళ్లీ పెట్టకుండా రెండో కార్డు తీయండి. రెండో కార్డు వేరే బ్యాంకుది, వేరే నెట్‌వర్క్‌ది అయితే మేలు.

సేవల్లో మొదటి మార్కు స్టాక్‌హోం రవాణాకే ఇవ్వాలి. మెట్రో గేటు దగ్గర కార్డు తాకిస్తే చాలు. 2025లో ఒక్క టికెట్ 43 క్రోనాలు, 75 నిమిషాల వరకు బస్సులు, మెట్రోలు మారుతూ తిరగొచ్చు. ఇక్కడ రెండు మెలికలు. ఒక్కో మనిషికి ఒక్కో కార్డు కావాలి. నలుగురి కుటుంబం ఒకే కార్డు తాకించి లోపలికి పోలేదు. అలాంటివాళ్లకు స్టాక్‌హోం రవాణా సంస్థ ఎస్ఎల్ యాప్‌లో టికెట్లు కొనుక్కోవడమే సుఖం. రెండోది, మొదట ప్లాస్టిక్ కార్డు తాకించి, బస్సు మారేటప్పుడు అదే కార్డున్న ఫోన్ తాకిస్తే మిషను దాన్ని వేరే కార్డుగా చూస్తుంది, ఇంకో టికెట్ పడుతుంది. పొద్దున ఏది తాకించారో చివరిదాకా అదే వాడండి.

బసల సంగతికొస్తే, హోటళ్లు గది అద్దెతోపాటు కొంత సొమ్ము ‘హోల్డ్’ పెడతాయి. డెబిట్ కార్డిస్తే ఆ డబ్బు ఖాతాలోంచి కదలకుండా కొన్ని రోజులు ఆగిపోతుంది, ఆలోగా మధ్యాహ్నం భోజనానికి కార్డు పనిచేయకపోవచ్చు. హోల్డుకి క్రెడిట్ కార్డు, రోజువారీ ఖర్చుకి ఫారెక్స్ కార్డు అన్నది మంచి పంపకం. హాస్టళ్లు చౌకే గానీ దుప్పటి, పక్కగుడ్డలకు విడిగా వసూలు చేసేవి చాలా. కారు అద్దెకి తీసుకుంటే డ్రైవరు పేరు మీదే క్రెడిట్ కార్డు అడగడం మామూలు. మనుషుల్లేని పెట్రోలు బంకులో మిషను ముందే పెద్ద మొత్తం హోల్డ్ పెట్టి, పోసుకున్నంతకే తర్వాత సరిచేస్తుంది.

చేతులెత్తేయాల్సింది సంతల్లో. ఆదివారం పాతసామాన్ల అంగడి, రోడ్డు పక్కన స్ట్రాబెర్రీలు పెట్టుకున్న బల్ల, అక్కడ ఒక అట్టముక్క మీద ఫోన్ నంబరు, పక్కన ‘స్విష్’ అని రాసి ఉంటుంది. 2012లో బ్యాంకులు కలిసి తెచ్చిన ఈ సేవ మన ఫోన్‌పేలా చేతిలో పని. కానీ స్వీడన్ బ్యాంకు ఖాతా, బ్యాంక్ఐడీ (ఫోన్‌లో ఉండే అక్కడి డిజిటల్ గుర్తింపు) లేకుండా తెరవదు. కార్ల్స్‌క్రోనా ఊరికి చదువుకి వచ్చిన తెలుగు పిల్లలు కూడా మొదటి నెలల్లో, పర్సన్‌నంబరు, అంటే అక్కడి వ్యక్తిగత గుర్తింపు సంఖ్య, వచ్చేదాకా, ఇక్కడే ఆగిపోతారు. స్టాక్‌హోంలోని షీస్తాలో ఐటీ ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్లు ఎవరైనా తెలిసుంటే వాళ్లచేత స్విష్ చేయించి లెక్క తీర్చుకోవడం తేలిక.

అందుకే కొద్దిగా నోట్లూ ఉండాలి. 500 క్రోనాలు చాలు. నీలిరంగు ‘బాంకొమాత్’ ఏటీఎంలో తీసుకోవచ్చు, పెద్ద కిరాణా దుకాణాలు చాలావరకు నోట్లు తీసుకుంటాయి. కార్డులొక్కటే దిక్కనుకోవడం ఎందుకు ప్రమాదమో 2021 జులైలో తెలిసింది. కంప్యూటర్ దాడివల్ల కూప్ అనే కిరాణా సంస్థ దుకాణాల గల్లా మిషన్లు ఆగి దాదాపు 800 కొట్లు మూతపడ్డాయి. నోట్లున్నా ఆ కొట్లో పని జరగలేదు గానీ, వీధి చివర ఇంకో కొట్టులో జరిగింది.

పాత నోట్లతో జాగ్రత్త. ఎప్పుడో వెళ్లొచ్చిన బంధువులు ‘ఖర్చుపెట్టుకో’ అని ఇచ్చినవి 2017 తర్వాత చెల్లడం లేదు. స్వీడన్ కేంద్ర బ్యాంకు రిక్స్‌బాంక్‌కి దరఖాస్తు పంపితే రుసుము పట్టుకుని మారుస్తుంది, చిన్న మొత్తానికి అంత శ్రమ దండగ. వంద నోటు మీద సినిమా నటి గ్రేటా గార్బో ముఖం ఉంటే కొత్తది, వృక్షశాస్త్రవేత్త లినేయస్ ఉంటే పాతది.