గండికోట టెంటు, కడప లాడ్జి, దాని వెనక తోట

గండికోట వెళ్లేవాళ్లకు ముందే చెప్తున్నా, ఎండ ముదిరాక టెంట్లు బుక్ చేసుకోకండి. మేం ఫిబ్రవరి చివర్లో జమ్మలమడుగు మీదుగా వెళ్లాం. పొద్దున్నే లోయ అంచున నిలబడి కింద పెన్నాను చూడటం, మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం, ఇవన్నీ వెళ్లి తీరాల్సినవే. టెంటు మాత్రం దండగ. నీడ లేదు, రాత్రి తొమ్మిదికే నీళ్లు అయిపోయాయి, అడుగుదామంటే మనిషే లేడు.

రెండో రాత్రి కడపలో ఒక పాత లాడ్జికి మారాం. గది చిన్నది, దుప్పట్లు శుభ్రం, పొద్దున కారం దోశ చాలా బాగుంది. నాకు అన్నిటికంటే నచ్చింది వెనక తోట.

గేటు పక్కన తూజా ఉంది. చదువు వస్తుందని చిన్నప్పుడు పుస్తకాల్లో దాచుకున్నామే, అదే. మా పాపకు ఒక రెమ్మ తుంచి చూపించా. మనం ఆకు అని దాచుకున్నది ఆకు కాదు, మొత్తం ఒక కొమ్మ! అసలు ఆకులు రెండు మూడు మిల్లీమీటర్ల పొలుసులు, ఒక జత ముందూ వెనకా బల్లపరుపుగా, తర్వాతి జత మడతపడి రెండు అంచులనూ కప్పుతూ, పుల్లకు అతుక్కుపోయి ఉంటాయి. ఆకు అంత చిన్నదై, పైన మైనంలాంటి పూత కూడా ఉంటే నీరు ఆవిరి కావడం తగ్గుతుంది. పైన్ చెట్టు సూదులు కూడా అంతే, ఒక్కో గుత్తి ఒక పొట్టి కొమ్మ, రాలితే గుత్తి మొత్తం రాలుతుంది.

కుండీలో క్రిస్మస్ చెట్టు, అదే అరకేరియా, నేలబారుగా పక్కకు పెరుగుతోంది. ఎందుకని తోట చూసే పెద్దాయన్ను అడిగా.

"పక్క కొమ్మ నాటినా సార్, అది అట్లే పండుకుంటాది. నిటారుగా రావాలంటే కొన కొమ్మే నాటల్ల."

నిజమే, అరకేరియా పక్క కొమ్మ వేరు పోసుకున్నా పక్క కొమ్మలాగే పెరుగుతుంది, ఆ గుణం దాన్ని వదలదు. బోటనీ చదివిన నేను దీన్ని కళ్లారా చూడటం ఇదే మొదటిసారి.

మూలన సరుగుడు చూసి పాప "ఇదీ వాటిలాంటిదే కదా నాన్నా" అంది. కాదు, తూజా, పైన్, అరకేరియా పూలు పూయవు, ఇది పూలు పూసే జాతి. సూదిలా కనిపించేది కణుపుల పుల్ల, లాగితే కణుపు దగ్గర ఊడుతుంది, అక్కడ చుట్టూ ఉండే ఆరు నుంచి ఎనిమిది చిన్న పళ్లే దాని ఆకులు. పాప అరగంట సేపు అవే లెక్కపెట్టింది.

వెళ్తే వెనక వైపు గదే అడగండి, కిటికీ తీస్తే ఆ సరుగుడే కనిపిస్తుంది.