పాటలు ఏ డ్రైవులో ఉండాలి? అన్నీ ఒకదాంట్లోనా, రెండుగానా, బయటి డ్రైవులోనా: ఏది మేలు?

పోయిన వారం గుణుపురం నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, వన్ టీబీ ఎస్సెస్‌డీ కొన్నాను. సాఫ్ట్‌వేరు దేంట్లో వెయ్యను, సౌండ్లు దేంట్లో పెట్టను? ఒక్కొక్కడు ఒక్కోటి చెప్తున్నాడు." (ఎస్సెస్‌డీ అంటే తిరిగే పళ్ళెం లేకుండా చిప్పుల మీదే అన్నీ దాచే డ్రైవు.) ఫోన్లో అరగంట చెప్పాను. ఒడిశాలో పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు ఇళ్ళల్లో చిన్న స్టూడియోలు నడుపుతున్న మన కుర్రాళ్ళు తరచూ అడిగేది ఇదే కనుక ఆ మాటలే కాస్త కుదురుగా రాస్తున్నాను.

మా స్టూడియో అంటే పర్లాకిమిడిలో మేడమీద గది. గోడలకి పాత పరుపులు కొట్టి ఉంటాయి. నవంబరులో క్రిస్మస్ పాటలు, మార్గశిరం గురువారాలకి ముందు ఒడియా లక్ష్మీ పాటలు, మిగతా రోజుల్లో తప్పెటగుళ్ళ వాళ్ళు, జముకుల పాట వాళ్ళు వస్తుంటారు. ఇవన్నీ ఒకే కంప్యూటర్‌లో పడతాయి.

ఆ కంప్యూటర్‌లో ఉండే సరుకు మూడు రకాలు. ఒకటి సాఫ్ట్‌వేరు, ప్లగిన్లు (సాఫ్ట్‌వేరుకి తగిలించుకునే వాయిద్యాలు, ఎఫెక్టులు). రెండోది వీణ, పియానో, తబలా లాంటి శాంపిల్ లైబ్రరీలు, అంటే అసలు వాయిద్యం స్వరాలు ఒక్కొక్కటే రికార్డు చేసి పెట్టిన మూటలు. ఒక్కోటి పది జీబీ నుంచి వంద జీబీ దాకా తినేస్తుంది. మూడోది మనం మైకు పెట్టి రికార్డు చేసుకున్నది. మొదటిది పోతే ఒక పూట కూర్చుని మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకుంటాం. రెండోది పోతే డౌన్‌లోడ్ పెట్టుకుని మా ఊరి నెట్‌తో రెండు మూడు రోజులు తంటాలు పడతాం. మూడోది పోతే పోయినట్టే. జముకు వాయిస్తూ పాడిన ముసలాయన్ని "తాతా, మొన్నలాగే ఇంకోసారి" అంటే ఆయన పాడతాడు, కానీ అది మొన్నటి పాట కాదు. డ్రైవులు పంచేటప్పుడు అందరూ స్పీడు చూస్తారు. నేను ముందు చూసేది, పోతే మళ్ళీ దొరుకుతుందా లేదా అని.

అన్నీ ఒకే డ్రైవులో

ల్యాప్‌టాప్ ఒక్కటే ఉన్నవాడికి ఇదే సుఖం. ఒకే మంచి ఎన్‌వీఎంఈ (ఎక్కువ స్పీడు రకం) ఎస్సెస్‌డీ, అన్నీ అందులోనే. ఫైలు కనబడలేదన్న గొడవ రాదు. ఒక డ్రైవు మీద అంతా నడిస్తే స్లో అవుతుందని భయపెట్టేవాళ్ళు హార్డ్ డిస్క్ రోజుల మాట చెప్తున్నారు. అప్పుడు తిరిగే పళ్ళెం మీద చదివే ముల్లు అటు విండోస్ కోసం, ఇటు పాట కోసం పరుగెత్తేది. ఎస్సెస్‌డీలో ముల్లే లేదు.

చిక్కల్లా డ్రైవు నిండిపోవడంతోనే. శాంపిళ్ళు పెరిగి, విండోస్ అప్‌డేట్లు పెరిగి ఎర్ర గీత దాకా వస్తే ఎస్సెస్‌డీ కూడా నత్తనడక నడుస్తుంది. ఐదో వంతు ఖాళీ ఉంచుకుంటే మంచిది.

పార్టిషన్ల సంగతి చెప్పాలి. మన షాపుల్లో కంప్యూటర్ కొంటే అడక్కుండానే సి, డి, ఇ, ఎఫ్ అని నాలుగు ముక్కలు చేసి ఇస్తారు. విండోస్ పాడైతే సి ఒక్కటే ఫార్మాట్ కొట్టుకోవచ్చు, డిలో పాటలు మిగులుతాయి. అంతవరకు లాభమే. కానీ డ్రైవే చచ్చిపోతే నాలుగు అక్షరాలూ ఒకేసారి పోతాయి. పాట డిలో ఉంది, కాపీ ఇలో ఉంది అని ధీమాగా చెప్పిన ఒకాయనకి ఆ రెండూ ఒకే పెట్టెలో రెండు అరలని చెప్పేసరికి ముఖం మాడిపోయింది.

సిస్టమ్‌కి ఒకటి, సౌండ్లకీ పాటలకీ ఒకటి

డెస్క్‌టాప్ ఉన్నవాడికి నా ఓటు దీనికే. విండోస్, సాఫ్ట్‌వేరు, ప్లగిన్లు సిలో. శాంపిళ్ళూ పాటలూ రెండో లోపలి డ్రైవులో. ప్లగిన్లను మాత్రం సి నుంచి కదపకండి. వీఎస్‌టీ3 అనే రకం ప్లగిన్లకు విండోస్‌లో ఒక నిర్ణీత చోటు ఉంది, సాఫ్ట్‌వేరు అక్కడే వెతుకుతుంది. ప్లగిన్లు చిన్నవి కూడా, జరిపితే మిగిలేది ఏమీ లేదు. జరపాల్సింది వాటి వెనకుండే లైబ్రరీ. అది కూడా ఫోల్డర్‌ను కట్ చేసి పేస్ట్ చేయడం కాదు, ఆ ప్లగిన్ సెట్టింగుల్లో లైబ్రరీ ఉండే చోటు మార్చాలి.

రెండోది హార్డ్ డిస్క్ అయితే సరిపోదా అని అందరూ అడుగుతారు. రికార్డింగుకి సరిపోతుంది. లెక్క చూడండి: 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక మోనో ట్రాకు సెకనుకు 144 కేబీ. అలాంటివి 32 ట్రాకులు ఒకేసారి నడిచినా సెకనుకు ఐదు ఎంబీ లోపే. పాత హార్డ్ డిస్క్ కూడా వరసగా ఉన్న ఫైలైతే సెకనుకు వంద ఎంబీ చదువుతుంది. తప్పెటగుళ్ళ బృందానికి పన్నెండు మైకులు పెట్టినా దానికి చెమట పట్టదు.

శాంపిళ్ళ దగ్గరకి వచ్చేసరికి మాత్రం అది చేతులెత్తేస్తుంది. కాంటాక్ట్ లాంటి శాంప్లర్ ప్రతి సౌండ్ మొదటి ముక్కను ర్యామ్‌లో పెట్టుకుని, మిగతాది మీరు కీ నొక్కాక డిస్క్ నుంచి లాక్కుంటుంది. పెడల్ తొక్కి రెండు చేతులతో పియానో వాయించారనుకోండి, ఒక్కో స్వరానికి రెండు మూడు మైకుల సౌండ్లు, అన్నీ డిస్క్ మీద తలో మూల. 7200 ఆర్‌పీఎం (నిమిషానికి 7200 చుట్లు తిరిగే) డిస్క్ ఒక చుట్టు తిరగడానికే 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. పైగా ముల్లు జరగాలి. అలా సెకనుకు వంద చోట్లు తిరగడమే గగనం. ఎస్సెస్‌డీ అదే సెకనులో వేల చోట్లు చూసొస్తుంది. హార్డ్ డిస్క్ మీద పియానో టిక్కు టిక్కుమని తెగడానికి కారణం ఇదే. మనవాళ్ళు సౌండ్ కార్డును తిట్టి కొత్తది కొంటారు. ఎస్సెస్‌డీ ఉంటే కాంటాక్ట్‌లో ప్రీలోడ్ బఫర్ (ముందే ర్యామ్‌లో పెట్టుకునే ఆ మొదటి ముక్క సైజు) తగ్గించుకోవచ్చు, ఆ మేరకు ర్యామ్ మిగులుతుంది. ఎనిమిది జీబీతో లాక్కొచ్చే వాళ్ళకి అది చిన్న విషయం కాదు.

అలాగని రెండో డ్రైవు కూడా ఖరీదైన ఎన్‌వీఎంఈ కావాలా? అక్కర్లేదు. సాటా అనే పాత రకం కనెక్షన్ ఉన్న ఎస్సెస్‌డీ కూడా సెకనుకు ఐదొందల ఎంబీ పైనే ఇస్తుంది. వాయించేటప్పుడు నాకు తేడా తెలియలేదు, లోడ్ అయ్యేటప్పుడు కాస్త తెలుస్తుంది. ఆ మిగిలిన డబ్బుతో యూపీఎస్ కొనుక్కోండి. రికార్డింగు మధ్యలో కరెంటు పోతే ఏ డ్రైవయినా ఒకటే.

బయటి డ్రైవు

పల్లెలకు వెళ్ళి రికార్డు చేసేవాళ్ళకీ, ఇంట్లో ఒక కంప్యూటర్, స్టూడియోలో ఒకటి ఉన్నవాళ్ళకీ ఇది తప్పదు. శాంపిళ్ళు బయటి ఎస్సెస్‌డీలో ఉన్నా హాయిగా వాయించుకోవచ్చు. కానీ నా అనుభవంలో ఎక్కువ విసిగించింది ఇదే.

ఒకసారి బరంపురం నుంచి గాయని వచ్చి కూర్చుంది. ప్రాజెక్టు తెరిస్తే సౌండ్లు లేవు, వరసగా ఎర్ర అక్షరాలు. డ్రైవు చూస్తే పెట్టే ఉంది, దీపం వెలుగుతోంది. పావుగంట చెమటలు పట్టాక తెలిసింది: ఆవిడ తెచ్చిన పెన్‌డ్రైవు ముందు గుచ్చాను, దానికి ఇ అక్షరం వెళ్ళిపోయింది, నా డ్రైవు ఎఫ్ అయి కూర్చుంది. ప్రాజెక్టు ఏమో పాపం ఇ కోసం వెతుకుతోంది. ఆ రోజే విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్ళి నా డ్రైవుకి ఎస్ అక్షరం ఇచ్చేశాను. ఇక ఎవరు ముందొచ్చినా దాని అక్షరం దానిదే.

కేబుల్ సంగతి ఇంకోటి. ఈ మేనల్లుడే ఆ మధ్య బయటి ఎస్సెస్‌డీ మోసం, పెన్‌డ్రైవు కంటే స్లో అని గొడవ. ఏ వైరు పెట్టావురా అంటే ఫోన్ ఛార్జర్‌ది. టైప్ సి మూతి ఉన్నంత మాత్రాన సరిపోదు. ఫోన్లతో వచ్చే వైర్లలో చాలావాటి లోపల పాత యూఎస్‌బీ 2 తీగలే ఉంటాయి, సెకనుకు నలభై ఎంబీకి మించి పారదు. డ్రైవుతో వచ్చిన పొట్టి వైరు పెట్టగానే నోరు మూశాడు.

ఒక్కటి మాత్రం చేయకండి. రికార్డింగు నేరుగా బయటి డ్రైవులోకి వద్దు. కాలు తగిలి వైరు ఊడితే ఆ టేకు గోవిందా. ముందు లోపలి డ్రైవులోకి రికార్డు చేసి తరవాత కాపీ కొట్టండి. కాపీ చేసేటప్పుడు ప్రాజెక్టు ఫైలు ఒక్కటే తీసుకెళ్తే ఉత్త డబ్బా తీసుకెళ్ళినట్టే, ఆడియో ఇక్కడే ఉండిపోతుంది. రీపర్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేరులో సేవ్ యాజ్ చేసేటప్పుడు మీడియా అంతా ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి కాపీ చేసే గడి ఉంది, టిక్ పెట్టండి. ఎఫ్ఎల్ స్టూడియోలో అయితే జిప్డ్ లూప్ ప్యాకేజీగా ఎక్స్‌పోర్ట్ చేయండి.

మరి కాపీ ఎక్కడ?

హార్డ్ డిస్క్‌కి అసలు ఉద్యోగం ఇది. నిదానంగా ఉన్నా పర్వాలేదు, అదే ధరకి చోటు ఎక్కువ. ఏ రోజు రికార్డు చేసింది ఆ రాత్రే అందులోకి వెళ్ళాలి. నేను శాంపిళ్ళకు కాపీ పెట్టను, పాటలకు రెండు పెడతాను. ఒకటి గదిలో, ఒకటి వేరే ఊళ్ళో.

ఆ వేరే ఊరు మొదట్లో ఆంధ్రాలో ఉన్న పాతపట్నం, మా అక్క ఇల్లు. రాష్ట్రం దాటింది కదా అని గర్వంగా ఉండేది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి శ్రీకాకుళం జిల్లానీ గజపతి జిల్లానీ కలిపే కొట్టింది. మహేంద్రతనయ నది పొంగింది, కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఇక్కడి డిస్కు గురించీ అక్కడి డిస్కు గురించీ ఒకేసారి టెన్షన్. డిస్కు రాష్ట్రం దాటింది గానీ తుఫాను దారి దాటలేదు. రెండూ దక్కాయి, అది నా గొప్ప కాదు. ఆ తరవాత రెండో డిస్కు కోరాపుట్ కొండల్లోని జయపురంలో బావగారింటికి కొండెక్కింది. మూడు నెలలకోసారి వెళ్ళి మార్చుకొస్తాను.

మేనల్లుడికి చివరికి చెప్పింది ఇంతే: నీ పాత ఎస్సెస్‌డీలో విండోస్, ప్లగిన్లు ఉన్నచోటే ఉండనీ. కొత్త వన్ టీబీని లోపల బిగించి సౌండ్లూ పాటలూ అందులో వెయ్యి. వచ్చే నెల డబ్బులతో ఒక మామూలు హార్డ్ డిస్కు కొని పాటలు కాపీ పెట్టు. "మరి బయటి ఎస్సెస్‌డీ ఏం చెయ్యను మావయ్యా?" అన్నాడు. నాకిచ్చెయ్యమన్నాను. ఫోన్ పెట్టేశాడు.