కొరాపుట్ నుంచి కుందులి సంత దాకా, మహురి కోసం

సాలూరులో ఉండే మా మావయ్య పద్యనాటకాలకు నలభై ఏళ్లు హార్మోనియం వాయించారు. ఇప్పుడు వేళ్లు సరిగా వంగడం లేదు. "ఎక్కడైనా పాత వాయిద్యాలుంటే చూపించమ్మా" అని అడిగితే నాకు ఒడిశాలోని కొరాపుట్ గిరిజన మ్యూజియం గుర్తొచ్చింది. నేను రాయగడ నుంచి రైలెక్కాను, ఆయన సుంకి ఘాట్ మీదుగా బస్సులో వచ్చారు. రెండు దారుల్లో రైలుదారే హాయి. సొరంగాల్లోంచి బయటపడిన ప్రతిసారీ కొత్త లోయ కనిపిస్తుంది. ఘాట్ మలుపుల్లో కడుపులో తిప్పుతుంది కాబట్టి పెద్దవాళ్లను తీసుకొస్తే ముందు సీట్లు అడిగి తీసుకోండి.

బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది గానీ, వేడినీళ్లు ఇస్తామన్నవాళ్లు పొద్దున్న ఏడు దాటినా ఇవ్వలేదు. కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు చలిలో డెబ్బై దాటిన మనిషికి చన్నీళ్లంటే ఎంత కష్టమో ఆ కౌంటర్లో కుర్రాడికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. గది తీసుకునేముందే గీజరు తిప్పి చూడండి. భాషకు మాత్రం ఇబ్బంది లేదు. మా ఆటో అబ్బాయిదీ, టిఫిన్ కొట్టు ఆవిడదీ తెలుగే. ఆవిడ ఇడ్లీతో ఇచ్చిన అల్లం పచ్చడి మావయ్య మూడుసార్లు వేయించుకున్నారు. ఈ కొండల్లో పండిన కాఫీ కూడా తాగి రండి.

మ్యూజియం జగన్నాథుడి గుడిని ఆనుకునే ఉంది. శబర శ్రీక్షేత్రం అని పిలిచే ఈ గుడిలోకి ఎవరైనా వెళ్లొచ్చు. దర్శనం చేసుకుని అటు నడిచాం. బట్టలు, నగలు, విల్లమ్ములు దాటుకుని మావయ్య నేరుగా వాయిద్యాల దగ్గరికి వెళ్లిపోయారు. డోలు, టమక్ అనే నగారా, సన్నాయి లాంటి మహురి, సొరబుర్రకు తీగ బిగించిన వాయిద్యం.

"ఇది మన మోరీయే గదమ్మా!"

నిజమే. అరకు వైపు ధింసా ఆడేటప్పుడు మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు మోగుతాయి. ఇటు కొరాపుట్ కొండల్లో ఆ ఆటను ఢెంసా అంటారు. మోరి ఇక్కడ మహురి, తుడుము లాంటిది టమక్. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి మధ్యలో సరిహద్దు వచ్చింది గానీ, వరస కట్టి భుజాల మీద చేతులేసుకుని అడుగు వేసే తీరు రెండు వైపులా ఒకటే.

టమక్ ముందు మావయ్య చాలాసేపు నిలబడిపోయారు. చలికాలంలో దాని తోలు వదులైపోతుందట. ఆట మొదలయ్యే ముందు మంట దగ్గర పెట్టి కాస్తారు. ఎంత కాచాలో వాయించేవాడి చెవికి తెలుస్తుంది, కాస్త ఎక్కువైతే తోలు పగులుతుంది. "దీన్ని కాచినోడు ఎవరో" అన్నారాయన, నాతో కాదు.

ఆ మాట నాలో అలాగే ఉండిపోయింది. ఇంతకుముందు ఇంకో ఊళ్లో ఒక ప్రదర్శనశాలకు వెళితే డప్పు కింద 'వాద్యం' అని ఒక్క ముక్క రాసి ఉంది. ఎవరిది, ఏ ఊరిది, ఏ పెళ్లిలో మోగింది, ఏమీ లేదు. ఘాట్ దిగితే సాలూరు పక్కన శివరామపురం. సాలూరి రాజేశ్వరరావు గారు అక్కడ పుట్టారని ఆ చుట్టుపక్కల అందరూ గర్వంగా చెబుతారు. ఆయన తండ్రి సన్యాసిరాజు గారు మృదంగం వాయించేవారని కూడా చెబుతారు. అదే రోడ్డు పైకెక్కితే, తరాలుగా మహురి ఊదినవాళ్ల పేర్లు వాళ్ల ఊరు దాటలేదు. ఈ కొండల మీద వాయిద్యకారుల కోసమే ఒక ఇల్లు కావాలి. ఫోటో, పేరు, ఊరు, గురువు పేరు, వినడానికి ఒక పాట ఉంటే చాలు. ఇది అత్యాశ కాదు.

మధ్యాహ్నం జయపురం వెళ్లాం. రాజా విక్రమదేవ వర్మ (1869–1951) ఊరు. ఒడియాలోనూ తెలుగులోనూ రాసిన కవి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత. విశాఖ బీచ్‌రోడ్డులోని హవా మహల్ జయపురం రాజులదేనని చెబితే మావయ్య ఆశ్చర్యపోయారు. కోటను బయటి నుంచి చూసి వచ్చేశాం. దానికోసమే ప్రత్యేకంగా వెళ్లక్కర్లేదు.

శుక్రవారం మాత్రం వదులుకోకండి. సాలూరు దారిలోనే, సెమిలిగుడ దాటాక, కుందులిలో పెద్ద సంత. పశువులు, అల్లం, చింతపండు, చోళ్లు. సంత చివర మర్రి కింద ఒకాయన దగ్గర గుడ్డలో చుట్టిన మహురి కనిపించింది. పెళ్లికి వెళుతున్నాడట. మావయ్యది తెలుగు, ఆయనది ఈ కొండల్లో మాట్లాడే దేశియా, మధ్యలో నా వచ్చీరాని ఒడియా. మహురి కొసన నోట పెట్టుకుని ఊదే పీక తాటాకుతో చేసుకున్నదే. మావయ్య దాన్ని వెలుగుకు పట్టి చూసి, రెండు చేతులతో తిరిగి ఇచ్చారు.

అప్పుడాయన ఊదాడు. బుగ్గల నిండా గాలి పట్టి ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, ఎక్కడా తెగకుండా. బేరాలాడుతున్న ఆడవాళ్లు ఇటు తిరిగారు. మావయ్య వంగని వేళ్లు మోకాలి మీద మెట్లు వెతుక్కుంటున్నాయి.

డబ్బు ఇవ్వబోతే ఆయన వద్దన్నాడు. టీ తాగాడు. మావయ్య జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి ఆయన పేరు, ఊరు, నేర్పిన తాత పేరు రాసుకున్నారు, అక్షరం తప్పుపోకూడదని నాచేత రెండుసార్లు చదివించారు. సాలూరు బస్సు ఎక్కుతూ, మళ్లీ ఏ శుక్రవారం తీసుకెళతావని అడిగారు. ఈసారి హార్మోనియం తెస్తారట, ఆ మహురి ఏ శ్రుతిలో ఉందో కట్టి చూడాలట.