సరౌండ్ స్పీకర్లు రెండా, నాలుగా? చాలాకాలం వాడాక నా సమీక్ష

మా హాలు పదకొండు అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు. సోఫా వెనక గోడకు ఆనుకుని ఉంటుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో చాలామంది హాలు సర్దుకునేది ఇలాగే. ఈ హాల్లోనే డెనాన్ ఏవీఆర్-ఎక్స్1600హెచ్ రిసీవర్‌తో (సినిమా శబ్దాన్ని స్పీకర్లకి పంచే పెట్టె) 5.1, 7.1, 5.1.2 మూడూ నెలల తరబడి వాడాను. ఇప్పుడు ఉన్నది 5.1.2. ఇక మార్చే ఉద్దేశం లేదు.

ఈ అంకెల్లో మొదటిది చెవి ఎత్తులో ఉండే స్పీకర్లది, రెండోది సబ్‌వూఫర్‌ది (లోతైన బేస్ శబ్దాలకి ఉండే స్పీకర్), మూడోది పైకప్పు స్పీకర్లది. టీవీ దగ్గరుండే ఎడమ, సెంటర్ (మధ్య), కుడి మూడూ తీసేస్తే 5.1లో సరౌండ్‌కి, అంటే పక్కలకీ వెనకకీ, మిగిలేవి రెండు, 7.1లో నాలుగు.

నాలుగు ఎక్కువ కాబట్టి మంచిదనిపిస్తుంది. కానీ తేల్చేది స్పీకర్ల లెక్క కాదు, మన వెనక ఉన్న ఖాళీ. 7.1లో వెనక జత, టీవీ వైపు చూస్తూ కూర్చుంటే, ఎదురుగా ఉన్న టీవీ నుంచి లెక్కేసి 135 నుంచి 150 డిగ్రీల కోణంలో ఉండాలని సరౌండ్ పద్ధతులు తయారుచేసే డాల్బీ కంపెనీ చెబుతుంది. అంటే తలకీ గోడకీ మధ్య కొన్ని అడుగులైనా కావాలి. మా సోఫా గోడకు ఉన్నప్పుడు ఆ జత నెత్తి మీదే ఉన్నట్టుండేది. ఎవరు ఏ స్పీకర్‌కి దగ్గరగా కూర్చుంటే వాళ్లకి అదొక్కటే వినిపించేది. సోఫాని నాలుగడుగులు ముందుకు జరిపి చూస్తే మాత్రం తేడా స్పష్టంగా తెలిసింది. బండి పక్కనుంచి వెనక్కి వెళ్లిపోవడం ఎక్కడా తెగకుండా వినిపించింది. అంత చోటున్నవాళ్లు 7.1 నిశ్చింతగా పెట్టుకోవచ్చు. మాకు మాత్రం బాల్కనీకి వెళ్లే దారి మూసుకుపోయింది.

ఇంకో సంగతి, మనం చూసేదేమిటి? ఓటీటీలో తెలుగు సినిమాలు ఎక్కువగా 5.1లోనే వస్తాయి, కొన్నింటికి అట్మాస్ (పైకప్పు స్పీకర్లనీ వాడుకునే డాల్బీ పద్ధతి) ఉంటుంది. 5.1 ట్రాక్‌ని నాలుగు సరౌండ్లకి పంచేది రిసీవరే. విడిగా 7.1 ట్రాక్ కావాలంటే ఎక్కువగా బ్లూ-రే కొనాలి. మా ఇంట్లో డిస్కులు తక్కువ.

ఈ రిసీవర్‌లో ఉన్నవి ఏడు ఛానళ్ల ఆంప్లిఫయర్లే, అంటే సబ్‌వూఫర్ కాక ఏడు స్పీకర్లనే నడపగలదు. అందుకే వెనక జతని తీసి, మేం కూర్చునే చోటుకి కాస్త ముందుగా స్లాబుకి బిగించాం. రిసీవర్ సెట్టింగ్స్‌లో మార్చి, మైక్‌తో మళ్లీ కాలిబ్రేషన్ (గదికి తగ్గట్టు స్పీకర్ల సర్దుబాటు) చేశాం. అట్మాస్ ఉన్న సినిమాలో వాన పడితే గది మొత్తం మారిపోతుంది. సరౌండ్ రెండూ సోఫాకి చెరో పక్క, చెవి కన్నా కొంచెం పైన ఉన్నాయి. వాటికి తోడు ఇంకో రెండు కావాలని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

డబ్బు పెట్టాలనుకుంటే ముందు సెంటర్ స్పీకర్ మీద పెట్టండి. ఇది గట్టిగానే చెబుతున్నాను. 5.1లో ఉన్నా 7.1లో ఉన్నా మా అమ్మ మాట ఒక్కటే: “పాటలకి చెవులు బద్దలవుతున్నాయి, మాటలేమో వినబడట్లేదురా.” సినిమాలో మాటలు దాదాపు అన్నీ సెంటర్ నుంచే వస్తాయి. పెద్ద సెంటర్ కొని, టీవీ కింద కాస్త పైకి వంచి చెవుల వైపు తిప్పి, దాని లెవెల్ రెండు డెసిబెల్స్ పెంచాక అమ్మ రిమోట్ అడగడం మానేసింది. రిసీవర్ సెట్టింగ్స్‌లో మిగతా స్పీకర్లని ‘స్మాల్’లో పెట్టి 80 హెర్ట్జ్ కింది బేస్ శబ్దమంతా సబ్‌వూఫర్‌కి ఇస్తే చిన్న సరౌండ్లు కూడా ఎంతో హాయిగా పలుకుతాయి.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు గోడలు పూసేలోపే సోఫా పక్కలకీ, వెనకకీ, పైకప్పుకీ స్పీకర్ వైర్ పైపులు వేయించుకోండి. స్పీకర్లు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. పెయింట్ అయ్యాక గోడ కొట్టమంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.