వీఆర్ సేఫ్టీ ట్రైనింగ్ కొనబోతున్నారా? జాగ్రత్త, మాకు జరిగింది ఇదీ

ప్లాంట్లలో సేఫ్టీ, ట్రైనింగ్ చూసేవాళ్లు, ముఖ్యంగా వీఆర్ (వర్చువల్ రియాలిటీ, అంటే కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని ప్రమాదాన్ని ఆటలా ప్రాక్టీస్ చేసే) సిమ్యులేషన్ ప్యాకేజీ కోసం కొటేషన్లు తెప్పించుకుంటున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. డబ్బు పోయిందన్న బాధతో రాయడం లేదు. మేము కొన్న ప్యాకేజీ మా వాళ్లకు ప్రాణం మీదికి తెచ్చే పని నేర్పింది.

నేను సంగారెడ్డి జిల్లాలో ఒక చిన్న బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు తయారు చేసే) యూనిట్‌లో సేఫ్టీ ఆఫీసర్‌ని. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయాక, ట్రైనింగ్ మీద గట్టిగా ఖర్చు పెడదామని మా మేనేజ్‌మెంట్ అనుకుంది. ఆ సమయంలోనే ఒక కంపెనీ వాళ్లు వచ్చి డెమో ఇచ్చారు. నాలుగు హెడ్‌సెట్లు, రెండు మాడ్యూల్స్: ఒకటి ఫైర్, ఇంకొకటి కన్‌ఫైన్డ్ స్పేస్ ఎంట్రీ, అంటే గాలి సరిగ్గా ఆడని ఇరుకు చోట్లలోకి దిగడం. పది లక్షలు, జీఎస్టీతో కలిపి 11 లక్షల 80 వేలు. మంటలు, పొగ, రియాక్టర్ (రసాయనాలు కలిపే పెద్ద ట్యాంక్) లోపలి చీకటి, అన్నీ నిజంగా కళ్ల ముందు ఉన్నట్టే అనిపించాయి. అది చూసే కొందామని నేను నోట్ పెట్టాను. ఆ తప్పు నాదే.

కన్‌ఫైన్డ్ స్పేస్ మాడ్యూల్‌లో, క్లీనింగ్‌కని రియాక్టర్‌లోకి దిగిన హెల్పర్ స్పృహ తప్పి పడిపోతాడు. ఆడే మనిషి మ్యాన్‌హోల్ (రియాక్టర్‌లోకి దిగే రంధ్రం) దగ్గర స్టాండ్‌బైగా, అంటే బయట కాపలాగా ఉంటాడు. ఇరవై రెండేళ్లుగా మా ప్రొడక్షన్ బ్లాక్‌లో పనిచేస్తున్న ఒక ఆపరేటర్ హెడ్‌సెట్ తీసేసి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. “సార్, ఇందులో లోపలికి దిగి మనిషిని ఎత్తుకొస్తే వంద మార్కులు వేస్తున్నారు. బయటే ఉండి అలారం కొడితే టైమ్ అయిపోయిందని ఫెయిల్ చేస్తున్నారు” అన్నాడు. నమ్మలేక నేనే మూడుసార్లు ఆడి చూశాను. నిజమే. ఎంత తొందరగా దిగితే అన్ని మార్కులు.

ఫార్మా బయట ఉన్నవాళ్ల కోసం ఒక్క మాట. సాల్వెంట్ (మందుల తయారీలో వాడే ద్రావకం) ఆవిరి అంటుకోకుండా రియాక్టర్లలో నైట్రోజన్ నింపుతాం. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్ బాగా తగ్గిపోయిన చోట ఒకటి రెండుసార్లు ఊపిరి పీల్చేసరికే మనిషి కుప్పకూలిపోతాడు. ఏదో తేడాగా ఉందని అనుకునే టైమ్ కూడా ఉండదు. తోటివాడు పడిపోయాడని వెనకే దిగినవాడు అతని పక్కనే పడతాడు. ఇలాంటి చోట్ల చనిపోయినవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడటానికి వెళ్లినవాళ్లేనని అమెరికాలో కార్మికుల భద్రత మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ 1986లోనే చెప్పింది. మన ఊళ్లలో డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లో ఒకరి వెనక ఒకరు దిగి పోయిన వార్తలు అందరం చదివినవే. కాబట్టి స్టాండ్‌బై మనిషి నేర్చుకోవాల్సిన అసలు పని దిగకుండా ఆగడం. కళ్ల ముందు మనిషి పడిపోయి ఉంటే ఆగడం చాలా కష్టం. ఆ కష్టాన్ని ప్రాణభయం లేకుండా పదిసార్లు అనుభవించడానికే కదా సిమ్యులేషన్ కొన్నది!

ఆ తర్వాత వరసగా అన్నీ బయటపడ్డాయి. మాడ్యూల్‌లో గ్యాస్ మీటర్‌ను ఎక్కడ పెట్టినా ఆక్సిజన్ మామూలు గాలిలో ఉన్నట్టు 20.9 శాతమే చూపిస్తుంది. టోలుయిన్, డీసీఎం (డైక్లోరోమీథేన్) లాంటి సాల్వెంట్ల ఆవిరి గాలి కంటే బరువు, అడుగున చేరుతుంది. అందుకే పైన, మధ్యలో, కింద మూడు చోట్లా చూడాలని మేము రోజూ మొత్తుకుంటాం. ఇక ఫైర్ మాడ్యూల్‌లో మంటలార్పే సిలిండర్ ఎంతసేపు నొక్కినా అయిపోదు. నిజంగా ఆరు కిలోల ఏబీసీ (పొడి చల్లే రకం) సిలిండర్ అర నిమిషం కూడా రాదు. తెలుగు వాయిస్ ఉందని చెప్పి అమ్మారు, తీరా వింటే సేఫ్టీ వాల్వ్‌ను “పీడన విమోచన కవాటం” అంటోంది. మా షాప్ ఫ్లోర్‌లో ఆ మాట ఒక్కరికీ అర్థం కాలేదు.

ఇదంతా ఎందుకు జరిగిందంటే, తయారు చేసినవాళ్లు ఒక్కసారి కూడా ప్లాంట్‌లోకి రాలేదు. మీ దగ్గర ఏ పనిలో, ఏ నిమిషంలో, ఎవరు తప్పు నిర్ణయం తీసుకునే అవకాశం ఉందని మమ్మల్ని అడగలేదు. సిమ్యులేషన్ డిజైన్ అక్కడ మొదలవ్వాలి. బొమ్మలు ఆ తర్వాత. ఆట అయ్యాక కూర్చుని మాట్లాడుకునే భాగం కూడా లేదు, స్కోర్ చూపించి ఆగిపోతుంది. ఎందుకలా చేశావు, ఆ క్షణంలో ఏమనిపించింది అని అడిగినప్పుడే మనిషి నిజంగా నేర్చుకుంటాడు. పైలట్లకైనా డాక్టర్లకైనా సిమ్యులేటర్ ట్రైనింగ్‌లో ఆ మాటలకు ప్రత్యేకంగా టైమ్ పెట్టేది అందుకే.

వీఆర్ వద్దని నేను అనడం లేదు. 2005లో అమెరికాలోని టెక్సస్ సిటీ రిఫైనరీ పేలుడులో 15 మంది చనిపోయాక, స్టార్టప్ (ఆపిన యూనిట్‌ను మళ్లీ నడపడం మొదలుపెట్టడం) లాంటి ప్రమాదకరమైన పనులు ప్రాక్టీస్ చేయడానికి ఆపరేటర్లకు సిమ్యులేటర్ లేకపోవడాన్ని కూడా దర్యాప్తు బోర్డు ఎత్తి చూపింది. మంచి సిమ్యులేటర్ ప్రాణాలు కాపాడుతుంది. అందుకే చెడ్డదాన్ని చూస్తే నాకు ఇంత కోపం.

స్కోరింగ్ మార్చమని అడిగితే అది ఛేంజ్ రిక్వెస్ట్ అట, విడిగా డబ్బు కట్టాలట. అగ్రిమెంట్‌లో అలాగే ఉంది, నేను సరిగ్గా చదవలేదు. ఎవరు ఏ స్టెప్‌లో తప్పు చేశారో డేటా ఇమ్మంటే పాస్ శాతం తప్ప ఏమీ రికార్డు కాదన్నారు. ఏడాది తర్వాత లైసెన్స్ కట్టకపోతే హెడ్‌సెట్లు కూడా లాక్ అవుతాయి.

డెమోకు వెళ్తే కావాలని తప్పులు చేయండి. పర్మిట్ (దిగడానికి రాతపూర్వక అనుమతి) లేకుండా దిగండి, గ్యాస్ టెస్ట్ చేయకుండా దిగండి, ఏం జరుగుతుందో చూడండి. మీ బాస్‌కు కాదు, అనుభవం ఉన్న ఒక ఆపరేటర్‌కు ముందు హెడ్‌సెట్ పెట్టించండి. తప్పులు సరిచేయడం ధరలోనే ఉందని రాయించుకోకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

ఇప్పుడు మేము స్క్రాప్‌లో పడి ఉన్న పాత వెసెల్‌ను శుభ్రంగా కడిగించి, అడుగున ఒక పక్క పెద్ద తలుపులా కోయించి, గాలి ఆడేలా చేసి వాడుతున్నాం. మ్యాన్‌హోల్ మీద, బయటి నుంచే మనిషిని పైకి లాగడానికి ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండ్), వించ్ (తాడు చుట్టే యంత్రం). లోపల ఇసుక సంచులతో చేసిన బొమ్మ, దానికి హార్నెస్ (ఒంటికి కట్టే బెల్టులు). గ్యాస్ రీడింగ్ నేను చీటీ మీద రాసి ఇస్తాను. ప్రతి డ్రిల్ అయ్యాక అరగంట కూర్చుని మాట్లాడుకుంటాం.

మొదటి రోజు, వీఆర్ మాడ్యూల్‌లో పాసైన 14 మందితో ఈ డ్రిల్ చేయించాను. బొమ్మ పడిపోగానే ఐదుగురు అలారం కొట్టకుండా మ్యాన్‌హోల్‌లో తల పెట్టేశారు. వాళ్లకు మళ్లీ మొదటి నుంచి నేర్పాం. నలుగురు ఇప్పుడు బాగా చేస్తున్నారు. ఐదో అతన్ని స్టాండ్‌బై డ్యూటీకి ఇంకా వేయడం లేదు.