జావాస్క్రిప్ట్ కోర్సుకు డబ్బు కట్టేముందు లూప్స్ పాఠం చూపించమని అడగండి

వెబ్‌పేజీలకు వాడే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌ను కొత్తగా నేర్చుకోవడానికి ఆన్‌లైన్ కోర్సు వెతుకుతున్నవాళ్లు, తమ్ముడికో చెల్లికో ఫీజు కట్టబోతున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి.

డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న మా చెల్లి ఒక కోర్సులో చేరింది. ఫీజు 24 వేలు. "లైవ్ క్లాసులు, డౌట్లు తీర్చడానికి మెంటర్" అన్నారు. తీరా చూస్తే లైవ్ అన్నవన్నీ పాత రికార్డింగులే. అంతవరకే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. పాఠమే తప్పుగా చెబుతున్నారు.

మొదటి వీడియోలు బాగానే ఉంటాయి. కోడ్ రాసే ఎడిటర్ ఇన్‌స్టాల్ చేయడం, 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ ఈ భాషను తయారుచేసిన సంగతి, వేరియబుల్స్ (విలువలు దాచుకునే పేర్లు). ఇవి ఎవరు చెప్పినా ఒకలాగే ఉంటాయి, డెమోలో చూపించేవీ ఇవే. చెప్పేవాళ్లకు విషయం ఎంత తెలుసో లూప్స్ దగ్గర, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్ దగ్గర, బయటపడుతుంది.

ఆ పాఠంలో 60, 70, 80 అని మూడు సబ్జెక్టుల మార్కులు అర్రేలో (విలువల జాబితాలో) పెట్టి, మొత్తం కూడటానికి ఫర్-ఇన్ లూప్ రాశారు. 210 రావాలి. స్క్రీన్ మీద 0012 అని వచ్చింది. ఆ సార్ "ఇలాంటివి వస్తుంటాయి, తర్వాత చూద్దాం" అని ముందుకెళ్లిపోయారు. తర్వాత ఏ వీడియోలోనూ ఆ ఊసు లేదు. మెంటర్‌ని అడిగితే "నోట్స్‌లో ఉన్న కోడ్ కాపీ చేసి ప్రాక్టీస్ చెయ్యమ్మా" అన్నారట.

నిజానికి ఫర్-ఇన్ మార్కులను ఇవ్వదు, అవి ఉన్న స్థానాలను ఇస్తుంది: 0, 1, 2. అవి కూడా అంకెలుగా రావు, స్ట్రింగులుగా, అంటే అక్షరాల్లాగా వస్తాయి. అంకెకు స్ట్రింగ్ కలిపితే జావాస్క్రిప్ట్ కూడిక చేయదు, పక్కన అతికిస్తుంది. అందుకే మొదట 00, తర్వాత 001, చివరికి 0012. అదే ఫర్-ఆఫ్ రాస్తే మార్కులే నేరుగా వస్తాయి, మొత్తం 210 అవుతుంది. రెండు నిమిషాల్లో చెప్పగలిగిన సంగతి ఇది. అది ఎవరూ చెప్పక, తనకు కోడింగ్ బుర్ర లేదేమోనని ఆ పిల్ల బెంగపెట్టుకుంది. డబ్బు పోయినదానికంటే నాకు కోపం తెప్పించింది ఇదే.

ఇంకొకటి. లేటెస్ట్ సిలబస్ అని అమ్ముతున్న ఈ కోర్సులో లూప్స్ అన్నీ 'వార్'తోనే రాశారు. వేరియబుల్ తయారుచేయడానికి వాడే పాత మాట 'వార్', దాని బదులు వాడే 'లెట్' 2015లోనే వచ్చింది. మూడుసార్లు తిరిగే లూప్‌లో సెట్‌టైమవుట్ (కోడ్‌ను కాసేపాగి నడిపించేది) పెట్టి, చుట్లు లెక్కపెట్టే ఐ అనే వేరియబుల్ విలువ ప్రింట్ చేస్తే, 'వార్'తో 3, 3, 3 వస్తుంది, 'లెట్'తో 0, 1, 2 వస్తుంది. ఇంటర్వ్యూల్లో తరచూ అడిగే ప్రశ్న ఇది. జాబ్ కోర్సు అని చెప్పుకుంటూ దీన్ని ఎలా వదిలేస్తారు?

రీఫండ్ షరతు జాగ్రత్తగా చదవండి. 20 శాతం వీడియోలు చూశాక డబ్బు వెనక్కి ఇవ్వరట. లూప్స్ పాఠం సరిగ్గా ఆ గీత దాటాకే మొదలవుతుంది. 'నో కాస్ట్ ఈఎంఐ' అన్నది కూడా ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే లోన్. కోర్సు మానేసినా కంతులు ఆగవు, కట్టకపోతే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఆధార్, పాన్ అడిగి ఓటీపీ చెప్పమంటే, అది దేనికో తెలుసుకోకుండా చెప్పొద్దు.

డెమోకి కూర్చుంటే లూప్స్ వీడియో పెట్టమని గట్టిగా అడగండి. షరతు నిజమైనంతసేపు తిరిగే వైల్ లూప్‌లో ఐ పెంచడం మర్చిపోతే ఏమవుతుందో చేసి చూపించమనండి. ట్యాబ్ బిగుసుకుపోతుంది, అది ఎందుకో డెమో ఇచ్చేవాళ్లు చెప్పగలగాలి. లూప్ షరతులో 'లెంగ్త్ (అర్రేలోని విలువల సంఖ్య) కంటే తక్కువ' అనాల్సిన చోట 'తక్కువ లేదా సమానం' అని రాస్తే చివర్లో అన్‌డిఫైన్డ్ (విలువ లేదు అని) ఎందుకొస్తుందో అడగండి. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి, బ్రేక్‌పాయింట్ (కోడ్ ఆగే చోటు) పెట్టి, ఒక్కో చుట్టులో ఐ ఎలా మారుతుందో చూపించేవాళ్లు దొరికితే సంతోషంగా చేరండి. "అవన్నీ అడ్వాన్స్‌డ్" అంటే మాత్రం లేచి వచ్చేయండి.

తొందర లేనివాళ్లు ముందు ఎండీఎన్ వెబ్‌సైట్‌లో లూప్స్ మీద ఉన్న పేజీ చదవండి, ఫ్రీకోడ్‌క్యాంప్ సైట్‌లో అభ్యాసాలు చేయండి. రెండూ ఉచితమే. చెల్లి ఇప్పుడు అవే చేస్తోంది, లూప్స్ తనంతట తనే రాసుకుంటోంది.

ఇప్పటికే ఇలాంటి చోట డబ్బు కట్టి, రీఫండ్ గడువు లోపల ఉన్నవాళ్లు మిగతా వీడియోలు తెరవకుండా ఈరోజే మెయిల్ పెట్టండి. ఫోన్‌లో చెబితే రుజువు ఉండదు. కోర్సు గ్రూపులో మనం అడిగిన ప్రశ్నలను అడ్మిన్లు తీసేస్తున్నారు కాబట్టి స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. మెయిల్‌కి జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. మేమూ అక్కడే ఫిర్యాదు పెట్టాం.